అరుపు మీద గట్టిమేళం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఆట ఉండేది. వేరే పిల్లలకు చెబితే అదేం ఆట అని నవ్వేవాళ్లు. మా తాతయ్య వాకిట్లో బల్ల మీద కూర్చుని సన్నాయి సాధన చేస్తుంటే నేను ఎటునుంచో వచ్చి ఉన్నట్టుండి తుమ్మాలి, లేదా కేక పెట్టాలి, లేదా ఇత్తడి చెంబు కింద పడెయ్యాలి. ఆ చప్పుడు గేటు దగ్గర నిలబడ్డ మా చిన్నాన్నకు వినపడితే నేను గెలిచినట్టు. వినపడకపోతే తాతయ్య గెలిచినట్టు. నేను గోడ పక్కన నక్కి, ఊపిరి బిగబట్టి, ఆయన కళ్లు మూసుకుని ఏదో రాగంలో మునిగి ఉన్నప్పుడు చూసి మరీ అరిచేదాన్ని. నా నోరు తెరుచుకునేలోపే సన్నాయి పైకి లేచేది. చిన్నాన్న చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏం వినవడలే" అని తల అడ్డంగా ఊపేవాడు. నాకు ఉక్రోషమూ వచ్చేది, నవ్వూ వచ్చేది. ఎన్నేళ్లు ఆడినా నేను ఒక్కసారీ గెలవలేదు.

మాది హఫీజ్‌పేట్. రైల్వే స్టేషన్ వెనకాల సందులో రేకుల ఇల్లు. కూటి కోసం కోటి విద్యలంటారు గానీ మావాళ్లకు తెలిసినవి రెండే, ఒకటి సన్నాయి, ఇంకోటి కత్తెర. పెళ్లిళ్ల కాలంలో తాతయ్యది సన్నాయి, చిన్నాన్నది డోలు. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోతే స్టేషన్ రోడ్డులో చిన్నాన్న కటింగ్ షాపు ఉండనే ఉంది. మా నాన్నకు ఆ రెండూ పట్టలేదు. డోలు మోస్తే భుజం నొప్పి తప్ప మర్యాద రాదని, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల వాళ్లను తెచ్చి దించే బండికి డ్రైవరుగా కుదిరాడు. మా అమ్మ అదే మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో నేలలు తుడిచేది. తాతయ్య లెక్కలో నాన్న చేజారిపోయిన కొడుకు. రోజూ ఒకే కంచం దగ్గర కూర్చుని తినేవాళ్లే, అది వేరే సంగతి.

తాతయ్య మంచివాడా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు చప్పున జవాబు రాదు. వెళ్లిన ప్రతి పెళ్లి నుంచీ నా కోసం ఒక లడ్డూ కండువా చివర ముడేసి తెచ్చేవాడు. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేది ఆయనే. కానీ సన్నాయి చేతిలోకి తీసుకుంటే మనిషి మారిపోయేవాడు. అప్పుడు ఆయనకు చుట్టం లేదు, పక్కం లేదు. చిన్నాన్న ఒక దెబ్బ తప్పు వేస్తే అందరి ముందూ మోకాలితో పొడిచేవాడు, అప్పటికే చిన్నాన్నకు పెళ్లయి పిల్లలున్నా సరే.

ఆ ఆట ఎందుకో ఆయనే ఒకరోజు నాకు చెప్పాడు. పెళ్లిలో మేళం రెండు మూడు గంటలు మోగుతుంది. ఎవరూ వినరు. కబుర్లు చెప్పుకుంటారు, చీరలు చూసుకుంటారు, పిల్లలు మేళం ముందే కొట్టుకుంటారు. అదంతా దండగ వాయింపు. పురోహితుడు చెయ్యి పైకెత్తి 'గట్టిమేళం' అనగానే మొదలయ్యేదే అసలు పని. పెళ్లికొడుకు మూడు ముళ్లూ వేసేదాకా ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి నోటి చెడ్డ మాటా పెళ్లికూతురి చెవిన పడకూడదు. పడితే అపశకునం. సన్నాయి, డోలు కలిసి అంత హోరెత్తేది అందుకే. "మనకు పైసలిచ్చేది వాయించినందుకు గాదు బిడ్డా. ఇనవడకుంట చేసినందుకు," అన్నాడు. నాకు అది భలే గొప్పగా అనిపించింది. మా తాతయ్య పెళ్లికూతుళ్లకు కాపలాదారు అనుకున్నాను.

నాకు పదేళ్లు వచ్చేసరికి మా బతుకు ఒక్కసారిగా ఇరుకున పడింది. స్టేషన్ రోడ్డు వెడల్పు చేస్తూ చిన్నాన్న షాపు కూలగొట్టారు. గోడకు తగిలించిన అద్దం తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. అదే సమయంలో మేళాలకూ గడ్డుకాలం వచ్చింది. మాదాపూర్, కొండాపూర్ వైపు కొత్తగా లేచిన ఏసీ ఫంక్షన్ హాళ్లలో సన్నాయి సీడీ పెట్టడం మొదలుపెట్టారు. సీడీకి భోజనం పెట్టనక్కర్లేదు, బట్టలు పెట్టనక్కర్లేదు, గదిలో పడక చూపించనక్కర్లేదు. పెళ్లివాళ్లకు సుఖం, హాలు వాళ్లకు సుఖం. మాఘమాసం మొదలైనా మా ఇంటికి మేళం కోసం ఎవరూ రాలేదు. అమ్మ తెచ్చే జీతంతో తింటున్నామని తాతయ్యకు అన్నం సహించేది కాదు. ముద్ద కలిపి కూర్చునేవాడు, నోట్లో పెట్టుకునేవాడు కాదు.

చివరికి సన్నాయి సంచిలో పెట్టుకుని ఆయనే హాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మాదాపూర్ రోడ్డులో ఒక పెద్ద హాలు మేనేజరు మాత్రం ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మెత్తని మాట. "తాతగారూ, మీ విద్యని నేను కాదనటం లేదండి. కానీ సీడీ పెడితే సరిపోతుందంటున్నారండి అందరూ," అన్నాడట. దానికి మా తాతయ్య, "సీడీకి కండ్లుంటయా సార్? పంతులు చెయ్యెత్తింది చూస్తదా? ఎవడన్న తుమ్ముతె ఆపుతదా?" అన్నాడట. మేనేజరు నవ్వి, సరే, ఒక పెళ్లికి వాయించి చూపించండి, పెళ్లివారు మెచ్చుకుంటే ఆ హాలులో జరిగే ప్రతి పెళ్లికీ మీ మేళమే అన్నాడు. తాతయ్య ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. ఆ రోజు కంచంలో అన్నం మిగల్చకుండా తిన్నాడు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. మాకు శ్రుతి పట్టే ముసలాయన పని లేక వేరే మేళంలోకి వెళ్లిపోయాడు. శ్రుతిపెట్టె అంటే చిన్న చెక్కపెట్టె, దాని రెక్కను చేత్తో తెరిచి మూస్తుంటే ఒకటే స్వరం ఆగకుండా మోగుతుంది. సన్నాయి ఆ స్వరాన్ని పట్టుకునే నడుస్తుంది. ఆ పెట్టె ఊదడానికి పెద్ద విద్య అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. తాతయ్య నా వైపు చూశాడు. బడి ఉందని అమ్మ గొణిగింది. నేను ఎగిరి గంతేశాను. ఆటలో ఎప్పుడూ అవతలి జట్టులో ఉండేదాన్ని, ఇప్పుడు తాతయ్య జట్టులోకి వచ్చానని నా సంబరం.

పొద్దుటి ముహూర్తం. హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాం. మెడలో కార్డులు వేసుకున్న వాళ్ల మధ్య చిన్నాన్న డోలు పట్టుకుని నిలబడితే, దానికి తగలకుండా అందరూ ఒదిగి నిలబడ్డారు. నాకు పట్టులంగా, రెండు జడలు, చేతులకు గాజులు. హాల్లోకి అడుగు పెట్టగానే చలి. ఫిబ్రవరిలో కూడా ఏసీ వేసి ఉంచారు. మండపమంతా పూలు. పెళ్లికొడుకు సాఫ్ట్‌వేర్, పెళ్లికూతురు సాఫ్ట్‌వేర్. పెళ్లికూతురి నాన్న ఏదో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు.

మండపం మెట్ల పక్కన మాకు జంపఖానా పరిచారు. తాతయ్య మధ్యలో, ఆయనకు కుడి పక్క చిన్నాన్న, ఎడమ పక్క నేను. నాకు ఆనుకుని వీడియో లైటు. ఆ రోజుల్లో వీడియో తీసేవాళ్లు ఇనుప స్టాండు మీద పెద్ద బల్బు పెట్టేవాళ్లు, దాని దగ్గర కూర్చుంటే బుగ్గ కాలేది. కొంచెం జరపమని చిన్నాన్న అడిగితే వీడియో అతను పలకలేదు. పెళ్లివారి తరఫు ఒకావిడ అక్షింతల పళ్లెంతో వెళ్తూ నన్ను చూసి ఆగింది. "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకెళ్లినట్టు, ఈ పిల్లెందుకండీ ఇక్కడ?" అని మేనేజరును అడిగింది. ఆయన ఏదో సర్దిచెప్పాడు. తాతయ్య నా చెవి దగ్గరికి వంగి, "కదలకు. మాట్లాడకు. పెట్టె ఆపకు," అన్నాడు.

నేను కదల్లేదు. ఎంత బాగా కూర్చున్నానంటే, ఆ రోజు గురించి తలుచుకున్నప్పుడల్లా ముందు నాకు ఆ పిల్ల మీదే జాలి వేస్తుంది. కుడిచేత్తో రెక్క ఆడిస్తూ, ఎడమచెయ్యి పెట్టె మీద ఆనించి, వీపు నిటారుగా పెట్టి, పెద్ద విద్వాంసురాల్లా ముఖం పెట్టుకుని కూర్చుంది.

పురోహితుడు చెయ్యెత్తాడు. అప్పటిదాకా నెమ్మదిగా నడుస్తున్న సన్నాయి ఒక్క ఊపున లేచింది. డోలు దానితో పాటు విరుచుకుపడింది. పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. అక్షింతలు వెయ్యడానికి జనమంతా కుర్చీల్లోంచి లేచి మెట్ల దగ్గరికి తోసుకొచ్చారు. ఎవరి కాలో వైరుకు తగిలింది. లైటు స్టాండు ఊగి, మెల్లగా, చాలా మెల్లగా అనిపించింది నాకు, నా మీదికి ఒరిగింది. ఆ బల్బు ముఖం పెట్టె మీద ఉన్న నా ఎడమచెయ్యి మీద వాలింది. స్టాండు బరువంతా దాని మీదే ఉంది.

మొదట నొప్పి తెలియలేదు, వాసన తెలిసింది. తరవాత నేను అరిచాను.

తాతయ్య నన్ను చూశాడు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ఆయన మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. తల తిప్పి నా చేతి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు. చిన్నాన్న కూడా చూశాడు. ఆయన చేతిలో పుల్ల గాలిలోనే ఆగిపోయింది, డోలు దెబ్బ ఒకటి పడలేదు. తాతయ్య మోకాలితో ఆయన తొడ మీద ఒక్కటి పొడిచాడు. డోలు మళ్లీ మోగింది. అప్పుడు మా తాతయ్య నడుము నా వైపు తిప్పి, సన్నాయి నా ముఖానికి ఎదురుగా పెట్టి, ఇంకా పైకి వెళ్లాడు. ఆయన మెడ మీద నరాలు పొంగాయి. బుగ్గలు నిండి కళ్లు ఎర్రబడ్డాయి. ఆయన ఒళ్లు జనానికీ నాకూ మధ్య అడ్డంగా ఉంది.

ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో చెబితే ఎవరూ నమ్మరు. మా ఆటే ఆడుతున్నాడనిపించింది. ఇంట్లో లాగే నేను అరవాలి, ఆయన కప్పెయ్యాలి. సరే, ఈసారి నేను గెలవాలి అనుకున్నాను. ఈసారి గెలిస్తే ఎవరికో ఒకరికి వినపడుతుంది, ఎవరో ఒకరు వచ్చి ఈ లైటు తీస్తారు. పదేళ్ల పిల్ల గొంతులో ఎంత ఉంటుందో అంతా తీసి అరిచాను. అరుస్తున్నట్టు నాకు గొంతులో తెలుస్తోంది, చెవుల్లో మాత్రం సన్నాయి తప్ప ఏమీ లేదు. నా అరుపు నాకే వినపడలేదు. అంత పక్కాగా ఓడిపోయాను.

మూడు ముళ్లూ పడ్డాయి. జనం అక్షింతలు విసిరారు. వెనక వరసల వాళ్లు విసిరినవి మండపం దాకా వెళ్లక నా నెత్తి మీద, ఒళ్లో, కాలిన చేతి మీద పడ్డాయి. అవి పడుతుండగానే వీడియో అతను వచ్చి స్టాండు లేపాడు. లేపి ముందు బల్బు చూసుకున్నాడు. వెలుగుతూనే ఉంది. "బచ్‌గయా," అని దాన్ని మళ్లీ మండపం వైపు తిప్పుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ నా చెయ్యి చూసింది, అయ్యో అన్నట్టు నోటి మీద కొంగు పెట్టుకుంది. తరవాత పెళ్లికూతురి వైపు తిరిగి మిగిలిన అక్షింతలు వేసింది. శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు!

మేనేజరు చప్పుడు చెయ్యకుండా వచ్చి నన్ను వంటల దగ్గరికి పంపించాడు. భోజనాల వాళ్ల కంట పడకుండా పక్క మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్లారు. వంటవాడు నా చేతి మీద పెరుగు పోసి, పీట వేసి కూర్చోబెట్టి, గారెలు వేయించుకోవడానికి వెళ్లిపోయాడు. పైనుంచి సన్నాయి వినపడుతూనే ఉంది. తలంబ్రాల పాట, తరవాత బిందెలో ఉంగరాల పాట. తాతయ్య ఒక్కటీ వదల్లేదు. పాట పూర్తయినప్పుడల్లా ఇప్పుడు వస్తాడు అనుకునేదాన్ని. ఇంకో పాట మొదలయ్యేది. మా తాతయ్య వాయిస్తుంటే ఆగిపోతే బాగుండునని నేను దేవుడికి మొక్కుకున్నది ఆ రోజే.

భోజనాల వేళ ఇద్దరూ దిగివచ్చారు. చిన్నాన్న నా చెయ్యి చూసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి అమ్మ మేనేజరుతో కలిసి అక్కడికి వచ్చింది. మంచి మనిషే, ముఖమంతా కళకళలాడుతోంది. "పెద్దాయనా, మీ మేళం అద్భుతమండీ. మా పెద్దమ్మాయి పెళ్లిలో ఎవరో సరిగ్గా తాళి టైముకి తుమ్మితే నేను సంవత్సరం భయపడి చచ్చాను. ఇవాళ ఒక్క చెడ్డ చప్పుడు చెవిన పడితే ఒట్టు," అంది. తాతయ్య రెండు చేతులూ జోడించాడు. నేను ఆయన వెనకే ఉన్నాను, పెరుగు కారుతున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఆవిడకు నేను కనపడలేదు. కనపడకుండా ఆయనే నిలబడ్డాడు. ఆవిడ వెళ్లిపోయాక మేనేజరు తాతయ్య భుజం తట్టి, ఇక ఈ హాల్లో సీడీ మోగదండి అన్నాడు.

దవాఖానకు ఆటోలో వెళ్లాం. నర్సు నా చేతిని దీపం కిందికి లాగి తాతయ్య మీద విరుచుకుపడింది. "పుండు మీద పసుపు బియ్యం వెడ్తరా? ఏం మనుషులయ్యా మీరు, ఇంకెప్పుడు మారుతరు?" అని. అక్షింతలు చర్మానికి అతుక్కుపోయాయి. అది మా నాటువైద్యం అనుకుంది ఆవిడ. పెళ్లిలో పడ్డవని తాతయ్య చెప్పలేదు. ఆవిడ చిమ్టాతో గింజ తరవాత గింజ తీసి పళ్లెంలో వేస్తుంటే, ప్రతి గింజతో పాటు కొంచెం నేనూ ఊడి వచ్చాను. అక్కడ నేను కావలసినంత గట్టిగా ఏడ్చాను. అక్కడ ఏ మేళమూ లేదు.

కట్టు కట్టాక బయట బెంచీ మీద కూర్చున్నాం. నేను అప్పటిదాకా దాచుకున్న మాట అడిగాను. "తాతా, నేను ఒర్లింది నీకు ఇనవడలేదా?"

లేదు బిడ్డా అంటాడని ఎదురుచూశాను. ఆ హోరులో వినపడలేదు, వినపడితే ఆపకుండా ఉంటానా అంటే చాలు, నేను నమ్మేదాన్ని. నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను. పదేళ్ల పిల్లను నమ్మించడం ఎంత పని? ఆయన అబద్ధం చెప్పలేదు. విద్య చెప్పాడు.

"ఇనవడ్డది. నీ ఒర్రుడు పై షడ్జమం మీదున్నది. దాన్ని పట్టుకొని నేను గూడ ఆడనే నిలవడ్డ. వేరే స్వరం మీదుంటె నీది వేరుగ ఇనవడ్తుండె. ఏ చప్పుడు దాచాల్నంటె ఆ చప్పుడు స్వరమే వాయించాలె. యాదికుంచుకో బిడ్డా, సీడీకి ఇది రాదు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి నా కోసమో, అంత బాగా వాయించినందుకో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ హాలులో అంతమంది ఉన్నా నా అరుపును శ్రద్ధగా విన్నది మా తాతయ్య ఒక్కడే. అది ఏ స్వరమో కనిపెట్టేంత శ్రద్ధగా విన్నాడు. విని, దాన్ని లేకుండా చేశాడు. వినకుండా వదిలేసినవాళ్ల మీద నాకు అంత కోపం లేదు.

అమ్మ పని నుంచి వచ్చి కట్టు చూసింది. చిన్నాన్న తల వంచుకుని జరిగింది చెప్పాడు. అమ్మ ఎప్పుడూ తాతయ్యకు ఎదురు మాట్లాడేది కాదు. ఆ రోజు గుమ్మంలోనే నిలబడి, "మామా, మనవరాలు కాలిపోతుంటె నీ నోట్లె సన్నాయి ఎట్ల నిలిచింది?" అంది.

"అది తీస్తె రేపు అందరి నోట్లె ఏం వెడ్తవ్?" అన్నాడు తాతయ్య.

నాన్న లేచి బండి తాళాలు తీసుకుని బయటికి వెళ్లాడు. నేను అమ్మ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను, ఇంకేదైనా అంటుందని. ఆమె లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

అంతకన్నా నన్ను కోసింది ఆ తరవాత జరిగింది. కట్టు ఇంకా విప్పకముందే ఆ హాల్లో ఇంకో ముహూర్తం వచ్చింది. శ్రుతి పట్టడానికి వేరే మనిషిని పెట్టుకుంటే వాటా పోతుంది. ఒంటిచేత్తో ఊదగలదు కదా అన్నాడు తాతయ్య. పెళ్లిలో తెల్లకట్టు కనపడితే అశుభం అని కూడా ఆయనే అన్నాడు. మామను అంత మాట అన్న మా అమ్మే నాకు జడలు వేసి, తన పాత పట్టుచీర ముక్క ఓణీలా చుట్టి, కాలిన చెయ్యి దాని కింద దాచి, పిన్నీసు పెట్టింది. పిన్నీసు పెడుతూ నా కళ్లలోకి చూడలేదు. ఆ హాలు దయవల్ల మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. చిన్నాన్న మళ్లీ షాపు పెట్టుకోగలిగాడు. నేను ఆ హాల్లోనే ఎన్నో పెళ్లిళ్లకు, లైటుకు ఎడంగా కూర్చుని, శ్రుతి పట్టాను.

ఆ మొదటి పెళ్లి వీడియోను మేనేజరు ఆఫీసు గదిలో టీవీలో పెట్టి, హాలు బుక్ చెయ్యడానికి వచ్చేవాళ్లకు చూపించేవాడు. ఒకసారి నేనూ చూశాను. తాళి కట్టే చోట కెమెరా కాస్త పక్కకు జరిగినప్పుడు ఒక మూల నేను కనిపిస్తాను. నోరు పూర్తిగా తెరిచి ఉంటుంది. మెడ వెనక్కి వాలి ఉంటుంది. మేళం మాత్రం చెవులు చిల్లులు పడేలా, ఎంతో శుభంగా మోగుతుంటుంది. చూసేవాళ్లలో ఒకావిడ, "ఆ పాప కూడా పాడుతోంది, చూడండి," అని మురిసిపోయింది.

చెయ్యి మానాక తాతయ్య నాకు సన్నాయి నేర్పాడు. ఆడపిల్లకు ఎందుకని కులంలో నలుగురూ అంటే లెక్కచెయ్యలేదు. అది ప్రాయశ్చిత్తం అనుకుంటుంది మా అమ్మ. నేను అనుకోను. నాకు వినే చెవి ఉందని ఆయన కనిపెట్టాడు, అంతే. నా ఎడమచేతి చిటికెనవేలు పూర్తిగా వంగదు. దానికి తగ్గట్టు పట్టు మార్చి నేర్పాడు. క్షమించమని ఎప్పుడూ అడగలేదు, నేను క్షమించనూ లేదు. చివరి రోజుల్లో నేనే ఆయనకు అన్నం తినిపించాను. ఆ అన్నం కూడా మేళం డబ్బులతో వచ్చిందే. రెండూ నిజమే, ఒకదానితో ఇంకోటి చెల్లిపోలేదు.

ఇప్పుడు మా మేళానికి పెద్దదాన్ని నేనే. ముప్పై దాటాయి. నల్లగండ్లలో, ఆ పక్కన లేచిన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు నన్నే పిలుస్తారు. ఆడమనిషి సన్నాయి వాయిస్తుందని ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. మంచి డబ్బులే వస్తాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. గట్టిమేళం లేచినప్పుడు వచ్చినవాళ్లంతా పెళ్లికూతురి మెడ వైపు చూస్తారు. నేను కళ్లు మూసుకుని వింటాను. ఎవరో ఒకరు ఏడుస్తూ ఉంటారు. ఎవరూ ఏడవని పెళ్లి నేను ఇంతవరకూ చూడలేదు.

మొన్న ఒక పెళ్లిలో అది పెళ్లికూతురే. తల వంచుకుని ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. తాళి మెడ మీదికి వస్తుంటే సన్నగా, పళ్ల మధ్య నుంచి మూలిగినట్టు ఒక ఏడుపు. సంతోషంతో వచ్చే ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇది అది కాదు. మధ్యమం దగ్గర వణుకుతోంది. నా వేళ్లు నన్ను అడగకుండానే అక్కడికి వెళ్లి నిలబడ్డాయి. ముళ్లు పడ్డాయి. అక్షింతలు పడ్డాయి. ఆ అమ్మాయి ఏడుపు ఆమె పక్కన కూర్చున్న తల్లికి కూడా వినపడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతోంది. ఇన్నేళ్లలో నేను కప్పేసినవన్నీ అలాగే నా చెవుల్లో ఉండిపోయాయి. వాటిలో మొదటిది నాదే.